అస్తమించే సూర్యుడికి ఎదురుగా కెనాన్ ఆర్‌ఎఫ్ 600ఎంఎం ఎఫ్11: తీరపక్షుల సిల్హౌట్‌లకు సరిపోతుందా?

ఎఫ్11, అంటే వెలుగును లోపలికి వదిలే రంధ్రం చిన్నది అనగానే పక్షుల ఫొటోగ్రాఫర్లు పెదవి విరుస్తారు. ఈకలూ రంగులూ కనిపించాలంటే వెలుగు చాలదని వాళ్లన్నది నిజమే. కానీ సిల్హౌట్‌లో, అంటే వెలుగుకు ఎదురుగా పక్షిని నల్లని ఆకారంగా తీసేటప్పుడు, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) చూసుకునేది ఆకాశానికి, పక్షికి కాదు. దిగుతున్న సూర్యుడి చుట్టూ వెలుగుకు కొదవ ఉండదు. అందుకే 2020లో వచ్చిన ఈ 930 గ్రాముల లెన్స్‌ని ఈ పనికి నిస్సందేహంగా సిఫారసు చేయొచ్చు.

సూర్యబింబం వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ. 600ఎంఎంతో అది సెన్సర్ మీద సుమారు 5.5 మిల్లీమీటర్లు, అంటే ఫుల్‌ఫ్రేమ్ (36×24 మిల్లీమీటర్ల సెన్సర్) ఎత్తులో దాదాపు నాలుగో వంతు. మీటరు ఎత్తున్న నారాయణ పక్షి బింబంలో నిండుగా ఇమడాలంటే 110 మీటర్ల దూరం కావాలి. అంత దూరంలో వేడెక్కిన ఇసుక మీది గాలి కదలికకు అంచులు వంకర్లు పోతాయి. ఆ తప్పు లెన్స్‌ది కాదు. 30 మీటర్లలో ఆ బెడద బాగా తగ్గుతుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందూ వెనకా స్పష్టంగా పడే మేర) మీటరున్నర దాకా వస్తుంది కాబట్టి రెక్కలు విప్పిన కొంగ కూడా మొత్తం స్పష్టంగా పడుతుంది. పక్షి మెడ నిక్కించి చూసిందంటే ఇంకో అడుగు వేయకండి.

ఎక్స్‌పోజర్‌ని మాన్యువల్‌లోనే పెట్టి తీయండి. ఫ్రేమ్‌లో నల్లని ఒళ్లు పెరిగే కొద్దీ ఆటో ఎక్స్‌పోజర్ ఆకాశాన్ని వెలిసిపోయేలా చేస్తుంది. సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద స్పాట్ మీటరింగ్ (ఆ ఒక్క చోటి వెలుగునే కొలవడం) చేసి, ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగును సగం చేయండి. సూర్యుడు ఇంకా పైనుంటే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 800, షట్టర్ 1/1000 సెకను నుంచి మొదలుపెట్టొచ్చు. ఎగిరే పక్షికి అది చాలు. అస్తమించాక ఐఎస్ఓ 3200కి ఎక్కాలి. ఇంకాస్త చీకటి పడితే నిలబడ్డ పక్షులే దిక్కు. హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపే వెలుగు గ్రాఫ్‌లో) ముందుగా కుడి అంచు దాటేది ఎరుపు ఛానల్. అది దాటిందంటే నారింజ రంగు పసుపు మరకలా చదునైపోతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఆ వెచ్చదనం పోతుంది, 5500 నుంచి 6500 కెల్విన్ మధ్య పెట్టుకోండి.

ఫోకస్ దగ్గర ఓపిక కావాలి. కన్ను కనిపించదు కాబట్టి కంటిని వెతికి ఫోకస్ చేసే ఐ డిటెక్షన్‌ని నమ్ముకోవద్దు. చిన్న సింగిల్ పాయింట్‌ని ముక్కు అంచు మీదో, కాళ్లు ఆకాశాన్ని కోసే చోటో పెట్టండి. కెనాన్ ఆర్5, ఆర్6 కెమెరా బాడీల్లో ఈ లెన్స్‌కి ఫోకస్ పాయింట్లు ఫ్రేమ్ మధ్య భాగంలోనే పనిచేస్తాయి; పక్షిని మూలకు నెట్టే కంపోజిషన్‌కి ఇదే పెద్ద ఇబ్బంది. కాస్త వదులుగా తీసి తర్వాత క్రాప్ చేయడమే మార్గం.

ఈ లెన్స్‌లో వెలుగు రంధ్రాన్ని చిన్నది చేసే ఎపర్చర్ బ్లేడ్లే లేవు. ఎఫ్16కి దించలేరు, సూర్యుడికి నక్షత్రపు కిరణాలు రావు. ప్రతిగా, ఫోకస్‌లో లేని అలల మీది మెరుపులు గుండ్రటి చుక్కలుగా వస్తాయి, ఎంతో అందంగా ఉంటాయి. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు యూవీ ఫిల్టర్ తీసేయండి. లేకపోతే రెండో సూర్యుడిలాంటి దెయ్యపు మచ్చ పడుతుంది.

అసలు బలహీనత ఉప్పుగాలి. తేమ, దుమ్ము చొరబడకుండా ఆపే వెదర్ సీలింగ్ లేదు, వాడేటప్పుడు గొట్టం ముందుకు సాగుతుంది. దాని మీద ఇసుక రేణువులుండగా లోపలికి నెడితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, మెత్తని గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే మూయండి.