పల్సేటింగ్ ఫ్లో రిగ్: పిస్టన్ సూపర్, మీటర్లే దండగ

మా ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌కి పల్సేటింగ్ ఫ్లో రిగ్ (ఎక్కువ తక్కువలుగా ఊగుతూ పోయే ప్రవాహాన్ని చూపించే సెట్టు) కొన్నాం. కంపెనీ పేరు రాయను, ఇలాంటివి అమ్మేవాళ్ళ బ్రోషర్లన్నీ ఎలాగూ ఒకేలా ఉంటాయి. పైన స్థిరమైన హెడ్ (నీటి ఒత్తిడి) ఇచ్చే ట్యాంకు, కింద 25 మి.మీ. యాక్రిలిక్ పైపు రెండు మీటర్లు, పక్కన మోటారుతో ఆడే పిస్టన్. ట్యాంకు నుంచి నిలకడగా వచ్చే ప్రవాహానికి పిస్టన్ ఊపు తోడవుతుంది. 0.1 నుంచి 2 హెర్ట్జ్ దాకా స్పీడు మార్చుకోవచ్చు.

మెకానికల్ పని మాత్రం నిజంగా బాగుంది. పిస్టన్‌ని మామూలు క్రాంక్‌తో కాకుండా స్కాచ్ యోక్‌తో (తిరిగే పిన్ను ఒక గాడిలో జారుతూ పిస్టన్‌ని నేరుగా ముందుకీ వెనక్కీ తోసే ఏర్పాటు) నడిపారు కాబట్టి కదలిక అచ్చంగా సైన్ వేవ్‌లా వస్తుంది, థియరీతో పోల్చేవాళ్ళకి సగం తలనొప్పి అక్కడే తగ్గిపోతుంది. లీకేజీ లేదు, ఫ్రేము ఊగదు. ప్రవాహం బాగా తగ్గించి రంగు వదిలితే గోడ పక్కనున్న రంగు గీత ఒక్క క్షణం వెనక్కి జరుగుతుంది, అదే సమయంలో నడిమధ్య గీత ముందుకే పోతుంటుంది. నిలకడగా పోయే ప్రవాహంలో గోడ దగ్గరి నీటికి వేగం తక్కువ, అందుకే ప్రెషర్ తిరగబడగానే ముందు అదే లొంగిపోతుంది. ఆ నిలకడ భాగం వదిలేసి ఊపు ఒక్కటే చూస్తే మాత్రం వేగం గోడకి కాస్త దగ్గర్లోనే ఎక్కువగా ఉంటుందని రిచర్డ్‌సన్, టైలర్ 1929లోనే కొలిచి చూపించారు, కానీ కళ్ళారా చూస్తే పిల్లలకి వచ్చే హుషారే వేరు.

ఇక మీటర్ల సంగతి. రంగు అలా ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫ్లో మీటర్ మాత్రం కదలకుండా ఒకే అంకె చూపిస్తుంది! చూస్తే డ్యాంపింగ్ (రీడింగ్‌ని సగటు చేసి నున్నగా చూపించే సెట్టింగ్) ఐదు సెకన్లకి సెట్ చేసి పంపారు. అది తీసేశాక కొంచెం కదిలింది కానీ 2 హెర్ట్జ్ దగ్గర మళ్ళీ చేతులెత్తేసింది. ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు (ప్రెషర్ కొలిచే సెన్సార్లు) ఇంకా ఘోరం, పైపు మీద నేరుగా బిగించకుండా మీటరు పొడవున్న మెత్తటి ప్లాస్టిక్ ట్యూబులతో కలిపారు. వాటిలో చిన్న గాలి బుడగ చిక్కుకున్నా చాలు, సిగ్నల్ సగం చచ్చిపోతుంది, మిగిలింది ఆలస్యంగా వస్తుంది. ఫేజ్ తేడా, అంటే ప్రెషర్ ఊపుకీ ప్రవాహం ఊపుకీ మధ్య ఆలస్యం, కొలవడానికే కదా ఈ రిగ్ కొన్నది? చివరికి వేరే ట్రాన్స్‌డ్యూసర్లు కొని పైపు గోడకే బిగించుకున్నాం, పిస్టన్‌కీ పైపుకీ మధ్య సాగి ఊపుని మింగేసే రబ్బరు హోస్ పీకేసి గట్టి పైపు వేశాం. ఇంకోటి, ట్యాంకు లైన్లో వాల్వ్ బాగా బిగించి పెట్టకపోతే పిస్టన్ తోసిన నీళ్ళు టెస్ట్ పైపులోకి పోకుండా ట్యాంకు వైపు తన్నేస్తాయి. మాన్యువల్లో దీని ఊసే లేదు.

అదే మాన్యువల్లో పైపు చివర ప్రవాహం పూర్తిగా డెవలప్ అయి (వేగం తీరు ఇక మారకుండా కుదురుకుని) ఉంటుందని ధీమాగా రాశారు. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ జడత్వానికీ చిక్కదనానికీ నిష్పత్తి) 2000 అయితే ఈ సైజు పైపుకి మూడు మీటర్లు కావాలి, ఇచ్చింది రెండు! పైగా మామూలు నీళ్ళతో 1 హెర్ట్జ్ దగ్గర వొమర్స్‌లీ సంఖ్య (ఊపు వేగానికి చిక్కదనంతో పోలిక చెప్పే అంకె) 35 దాకా పోతుంది. బ్రోషర్ మీద రక్తనాళాల బొమ్మ వేసుకున్నారు గానీ బృహద్ధమనిలో అది సుమారు 13 నుంచి 20 మధ్య ఉంటుంది. నీళ్ళలో గ్లిజరిన్ కలిపి చిక్కదనం రక్తంలా చేస్తే 17 దగ్గరికి వచ్చింది, కానీ ఆ తర్వాత ట్యాంకు కడుక్కునే ఓపిక ఉండాలి.

డబ్బుకి న్యాయం చేసిన ప్రయోగం ఏదంటే ఆరిఫైస్ ప్లేటుది (పైపులో అడ్డంగా పెట్టే రంధ్రమున్న పలక, దానికి రెండు వైపులా ప్రెషర్ తేడా చూసి ప్రవాహం లెక్కకడతారు). ప్రెషర్ తేడాని సగటు చేసి దానికి వర్గమూలం తీస్తే ప్రవాహం అసలుకంటే ఎక్కువ కనిపిస్తుంది. ఊపు సగటు ప్రవాహంలో సగం ఉంటే లెక్క ప్రకారం 6 శాతం, సగటుతో సమానమైతే 22 శాతం దాకా. బకెట్, స్టాప్‌వాచ్ పెట్టి అసలు ప్రవాహం పట్టి చూపిస్తే ఎవరూ మర్చిపోరు. ఫ్యాక్టరీలో రెసిప్రొకేటింగ్ పంపు పక్కన మీటరు పెట్టేవాళ్ళకి ఇది రోజూ ఉండే గొడవే.

సర్వీస్ ఇంజనీర్ ఫోన్ ఎత్తుతాడు, మర్యాదగానే మాట్లాడతాడు, ట్రాన్స్‌డ్యూసర్ల మాటెత్తితే మాత్రం “స్టాండర్డ్ డిజైన్ అంతే సార్” అంటాడు. ఐదుకి మూడు స్టార్లు, అవీ పిస్టన్‌కే. కొనే ఆలోచన ఉంటే ఆర్డర్ ఇచ్చేముందే పైపుకి నేరుగా బిగించే సెన్సార్లు కావాలని రాతపూర్వకంగా అడగండి, డెమోలో 2 హెర్ట్జ్ దగ్గర ప్రెషర్ గ్రాఫ్ చూపించమనండి. మాకు 0.1 దగ్గర చూపించి చెక్కు పట్టుకెళ్ళారు.