రేడియేషన్‌తో ఆపాలా, ఇమ్యునోథెరపీ కూడా తీసుకోవాలా?

ఒక పేషెంట్ నల్గొండ నుంచి హైదరాబాద్‌కు ఆరు వారాలు తిరిగి, కీమోతో పాటు 30 సార్లు రేడియేషన్ చేయించుకున్నారు. మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆపరేషన్ కుదరదు. ఇక ఇంట్లో ఒకటే టెన్షన్: ఇంతటితో ఆపుదామా, దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కూడా ఎక్కించుకుందామా?

రేడియేషన్ గడ్డను చంపడమే కాదు, చచ్చిన కణాల ముక్కలను బయటపెట్టి రోగాలతో పోరాడే మన టి కణాలకు శత్రువును చూపిస్తుంది. కానీ క్యాన్సర్ పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో ఆ టి కణాలకు బ్రేక్ వేస్తుంది. దుర్వాలుమాబ్ ఆ బ్రేక్‌ను విడిపిస్తుంది.

ఖర్చు: ఆపితే స్కాన్‌లు, చెకప్‌లే. మందుకైతే లక్షల్లో. ఆరోగ్యశ్రీలో వస్తుందా అని మొదలుపెట్టకముందే అడగండి.

తిరుగుడు: ఆపితే కొన్ని నెలలకోసారి. మందుకైతే ఏడాది పాటు రెండు లేదా నాలుగు వారాలకోసారి.

ఫలితం: ఈ మందును ఇలాంటి పేషెంట్ల మీదే పరీక్షించిన పసిఫిక్ ట్రయల్‌లో ఐదేళ్లకు బతికున్నవాళ్లు మందు తీసుకున్నవారిలో సుమారు 43 శాతం, తీసుకోనివారిలో 33 శాతం. నా దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది.

రిస్క్: బ్రేక్ తీసిన కణాలు మన ఊపిరితిత్తుల మీద, థైరాయిడ్ మీద కూడా పడొచ్చు. రేడియేషన్ ఒక్కదానితోనూ ఊపిరితిత్తులు వాయొచ్చు. దయచేసి, కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే మెడికల్ షాపు సిరప్‌తో రోజులు గడపకండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

గడ్డ అదుపులో ఉండి, మనిషి తన పని తాను చేసుకోగలిగితే మందు వైపే మొగ్గు. లూపస్ లాంటి, మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే పడే జబ్బు ముదిరి ఉన్నా, ఊపిరితిత్తులు బాగా వాచి ఉన్నా ఆపడమే మేలు. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటే దుర్వాలుమాబ్ లాభం తక్కువ, ఆ మార్పుకే పనిచేసే ఒసిమెర్టినిబ్ మాత్రల గురించి అడగండి.