అలాస్కా క్రూజ్‌కి పెట్టెలు ఎన్ని, ఖర్చు ఎక్కడ

అలాస్కా క్రూజ్‌కి సామాను ఎంత తీసుకెళ్లాలని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. మనిషికి విమానంలో తల మీద అరలో పట్టే చిన్న పెట్టె ఒకటి, వీపుకి తగిలించుకునే సంచి ఒకటి. ఏడు రాత్రులకీ, చలికీ, వానకీ, మధ్యలో ఒక సాయంత్రం ముస్తాబుకీ అవి చాలు. అంతకన్నా ఎక్కువ తెచ్చుకున్నా ఓడవాళ్లు ఏమీ అనరు. మేమెక్కిన ఓడలో పెట్టెని తూచిన వాళ్లు లేరు, పైసా అడిగిన వాళ్లు లేరు. డబ్బు గుంజేవాళ్లంతా ఓడ దాకా వెళ్లే దారిలోనే ఉన్నారు. సియాటిల్‌లో ఒక హోటల్ మమ్మల్ని ఆపి పెట్టెలు లెక్కపెట్టిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది రాజమండ్రి. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. జూన్‌లో మేమిద్దరం, అబ్బాయి, కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు, హనుమకొండ నుంచి వచ్చిన మా వియ్యపురాలు, ఆరుగురం బయల్దేరాం. సియాటిల్‌లో ఎక్కి జూనో, స్కాగ్‌వే, గ్లేసియర్ బే, కెచికాన్, విక్టోరియా చూసుకుని మళ్లీ సియాటిల్‌లోనే దిగడం. బాల్కనీ గది మనిషికి పన్నులతో కలిపి 1,140 డాలర్లు పడింది, పైన టిప్పుల కింద రోజుకి మనిషికి 17 డాలర్లు వాళ్లే వేసుకున్నారు.

బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. అబ్బాయి మనిషికొక పెట్టె అన్నాడు. వదినగారు రెండు పెద్ద పెట్టెలు తెచ్చి హాల్లో నిలబెట్టారు. ఒక్కొక్కటి ఇండియా నుంచి 23 కిలోలతో వచ్చినదే, పెద్దగా తగ్గలేదు. "చలి పెడితే ఆ సముద్రంల ఎవరిని అడుగుతం వదినా?" అన్నారు నాతో. నిజమే కదా అనిపించింది. కోడలు తల్లినీ ఏమీ అనలేదు, భర్తనీ ఏమీ అనలేదు, తలుపేసుకుని పడుకుంది. విమానంవాళ్లు మొదటి పెట్టెకి 35, రెండోదానికి 45 డాలర్లు తీసుకున్నారు. రానూ పోనూ ఆవిడ పెట్టెలకే 160. మేమిద్దరం పెట్టెలు పైన అరలో పెట్టేసుకున్నాం కాబట్టి మాకు ఖర్చు లేదు.

ఇక హోటల్ సంగతి. ఓడ ఎక్కే ముందు రోజే ఊరు చేరడం తెలివైన పని. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. అందుకని విమానాశ్రయం దగ్గర హోటల్లో రెండు గదులు తీసుకున్నాం, 'క్రూజ్ ప్యాకేజీ' అట, గది 239 డాలర్లు, రేవు దాకా వ్యాన్ ఉంటుందని రాసి ఉంది. గదిలో తడి వాసన, కిటికీ తెరుచుకోదు, పొద్దున టిఫిన్‌కి ఉడకని ఓట్స్, యాపిల్ పండు. అవన్నీ సర్దుకున్నాం.

పొద్దున పదింటికి కింద నిలబడితే కౌంటర్‌లో అమ్మాయి వ్యాన్ మనిషికి 22 డాలర్లంది. ప్యాకేజీలో ఉందిగా అంటే, వ్యాన్ 'ఉంటుంది' అని రాశాంగాని ఉచితమని రాయలేదంది. సరే ఆరుగురికీ 132 అని అబ్బాయి కార్డు తీశాడు. అప్పుడు కౌంటర్ వెనక నుంచి బయటికొచ్చి వేలు పెట్టి మా సామాను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మనిషికి ఒక్క శాల్తీ, ఆ పైన ప్రతిదానికీ 8 డాలర్లు. మా పెట్టెలు ఆరు. వీపు సంచులు ఐదు. సంచులు కూడా శాల్తీలేనంది. ఆఖరికి మా మనవరాలి గులాబీ రంగు గుర్రం బొమ్మ సంచి, అందులో రంగు పెన్సిళ్లూ ఒక స్వెటరూ తప్ప ఏమీ లేవు, దాన్ని కూడా చూపించి "పదకొండు" అంది. పిల్ల ఆ సంచిని గట్టిగా పట్టుకుని వాళ్ల నాన్న వెనక్కి వెళ్లింది. మా వారు ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన మనిషి, ఎవరితోనూ గొంతు పెంచరు. ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "శాల్తీ అంటే ఏమిటో ఇందులో రాయలేదమ్మా" అన్నారు ఇంగ్లీషులో. ఆ అమ్మాయి మేనేజర్ మధ్యాహ్నం వస్తాడంది. మధ్యాహ్నానికి మేము ఓడలో ఉండాలి.

మొత్తం 172 డాలర్లు. అబ్బాయి కార్డు జేబులో పెట్టుకుని ఫోన్లో రెండు పెద్ద ట్యాక్సీలు పిలిచాడు. ఒకటి 58, ఒకటి 61. ఇథియోపియా నుంచి వచ్చానని చెప్పిన డ్రైవర్ పెట్టెలన్నీ తనే ఎత్తి పెట్టాడు. అడగకుండానే 10 డాలర్లు చేతిలో పెట్టాం. చిన్న పెట్టెలే ఉంటే అంత ఖర్చు కూడా అయ్యేది కాదు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి లైట్ రైల్ అనే మెట్రోలాంటి రైలు ఉంది, ఎంత దూరమైనా పెద్దవాళ్లకి 3 డాలర్లే. ఊరి మధ్యలో దిగి అక్కడి నుంచి చిన్న ట్యాక్సీ చాలు. సియాటిల్‌లో ఓడలు రెండు రేవుల్లో ఆగుతాయి, పియర్ 66 ఒకటి, పియర్ 91 ఒకటి. మీ టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. రెండోది ఊరి నుంచి కాస్త దూరం. హోటల్ తీసుకుంటే ఊళ్లోనే తీసుకోండి, గది ఇంకో 40 డాలర్లు ఎక్కువైనా నష్టం లేదు.

రేవులో పెట్టెలకి మన గది నంబరున్న కాగితాలు కట్టి ఇచ్చేస్తే, సాయంత్రానికి గది ముందుకి వచ్చేస్తాయి. ఎప్పుడొస్తాయో చెప్పరు. మాది మూడింటికి వచ్చింది. వదినగారి ఒక పెట్టె భోజనాల వేళకి కూడా రాలేదు. ఆవిడ థైరాయిడ్ మాత్రలు, రాత్రి కట్టుకునే చీర, అన్నీ అందులోనే. ఆవిడ మంచం అంచున కూర్చుని తలుపు వైపే చూస్తున్నారు, భోజనానికి రానన్నారు. కోడలు వాకబు చేస్తే తేలింది, పెట్టెలో రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె ఉన్నాయని స్కానింగ్‌లో పట్టుకుని కింద సెక్యూరిటీ గదిలో ఉంచారట. వేడెక్కే వస్తువేదీ ఓడలోకి రానివ్వరు, నిప్పు భయం. కెటిల్ కూడా అంతే. నేనూ వదినగారితో కిందికి వెళ్లాను. అలాంటి పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి, వాటి ముందు మనలాంటి మొహాలు కూడా కొన్ని ఉన్నాయి. కుక్కర్ తీసుకుని రసీదు ఇచ్చారు, దిగే రోజు తిరిగిచ్చారు కూడా. మర్యాదగానే మాట్లాడారు. కానీ ఆవిడ ఆ రాత్రి పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు.

అందుకే మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు, చార్జర్ చేతి సంచిలోనే ఉండాలి. అన్నం గురించి దిగులు అక్కర్లేదు. పెద్ద డైనింగ్ హాల్లో ముందు రోజు చెబితే మర్నాడు పప్పు, ఒక కూర, అన్నం చేసి పెట్టారు. కారం ఉండదు. ఇంట్లో వండినవి రానివ్వరని విన్నాం కాబట్టి కొట్లో కొన్న సీలు వేసిన కందిపొడి, గోంగూర ప్యాకెట్లు పట్టుకెళ్లాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పక్క టేబుల్ పంజాబీ కుటుంబం మా గోంగూరకి అలవాటు పడిపోయారు.

బట్టల విషయంలో కోడలి పద్ధతే సరైనది. లావు కోటు ఒకటి కాకుండా పలచనివి ఒకదాని మీద ఒకటి వేసుకోవడం. లోపల థర్మల్స్ రెండు జతలు, మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చని చొక్కా ఒకటి, ఆ మీద టోపీ ఉన్న వాన జాకెట్ ఒకటి. ప్యాంట్లు లేదా సల్వార్లు మూడు, పైకి నాలుగైదు. ఫ్లీసూ జాకెట్టూ విమానంలో ఒంటి మీదే ఉంటాయి, పెట్టెలో చోటు తినవు. బూట్లు ఒక్క జత, తడవనివి, అవి కూడా కాళ్లకే. గొడుగు వద్దు. కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాల పైచిలుకు వాన పడుతుంది, మేము దిగినప్పుడు కూడా గాలితో పాటు పక్క నుంచి కొట్టింది. మా వారి గొడుగు రేవు దాటకముందే తిరగబడింది. ఉతకడానికి ఓడలో ఒక సంచి ఇస్తారు, కుక్కినంత కుక్కితే 30 డాలర్లు. నాలుగో రోజు ఆరుగురి లోపలి బట్టలూ, పిల్ల బట్టలూ అందులోనే వెళ్లాయి. రెండు పెట్టెల సామానుకి విమానంలో కట్టేదానికన్నా ఇదే చవక.

ముస్తాబు సాయంత్రానికి మగవాళ్లు కోట్లు మోసుకెళ్లారు. మన ఆడవాళ్లకి ఆ బాధ లేదు. నేను ఒక ఉప్పాడ జాందానీ పెట్టుకున్నాను. మడిస్తే అరచేతి మందం కూడా ఉండదు. మెట్ల దగ్గర ఫొటో తీయించుకుంటుంటే ముగ్గురు అమెరికన్ ముసలమ్మలు ఆగి కొంగు పట్టుకుని చూశారు. వదినగారు రెండు పట్టుచీరలు, వాటికి తగ్గ నగలు తెచ్చి, ఒకటి కూడా కట్టలేదు. అప్పటికింకా కుక్కర్ కోపం తగ్గలేదు.

గది చిన్నదేగాని తెలివిగా కట్టారు. మంచం ఎత్తుగా ఉంటుంది, ఖాళీ చేసిన పెట్టెలు దాని కిందికి తోసేయొచ్చు. వదినగారి పెద్దవి మాత్రం పట్టక బాల్కనీ తలుపుకి అడ్డంగా నిలబడ్డాయి, బయటికి వెళ్లాలంటే వాటిని జరపాలి. గోడలు ఇనుపవి. కోడలు అయస్కాంతం కొక్కేలు ఆరు 9 డాలర్లకి కొని తెచ్చింది. తడి జాకెట్లు, టోపీలు, సంచులు అన్నీ గోడకే వేలాడాయి. మొత్తం ప్రయాణానికి పనికొచ్చిన వస్తువు ఏదంటే నేను అదే చెబుతాను.

జూనో బాగుంది. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డే లేదట, ఓడ మీదో విమానం మీదో రావాల్సిందే. స్కాగ్‌వేలో, కెనడాలోని క్లోండైక్‌లో దొరికిన బంగారం కోసం పరుగెత్తినవాళ్ల కథ చెప్పే నేషనల్ పార్క్ కేంద్రం ఉంది, ప్రవేశం ఉచితం. 1898లో చిల్కూట్ కనుమ దాటి కెనడాలోకి వెళ్లాలంటే, ఏడాదికి సరిపడా తిండీ పనిముట్లూ ఉంటేనే అక్కడి పోలీసులు పైన వదిలేవారట. మనిషికి దాదాపు టన్ను బరువు. ఒక్కసారికి మోయలేరు కాబట్టి కొంచెం కొంచెం మోసి పైన పెట్టి, మళ్లీ దిగి, మంచులో అదే కొండ ముప్పై నలభై సార్లు ఎక్కేవారట. అక్కడి పార్కు ఉద్యోగి, రేంజర్ అంటారు, ఇది చెబుతున్నంతసేపూ మా వారు వదినగారి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. ఆవిడే నవ్వి, "నా దగ్గర రెండే ఉన్నయి అన్నయ్యా" అన్నారు. ఆ రోజు నుంచి మామూలైపోయారు.

గ్లేసియర్ బేలో ఓడ దిగేది లేదు. పార్కు రేంజర్లు పడవలో వచ్చి ఓడ ఎక్కి మైకులో చెబుతారు. ఆ లోపలికి రోజుకి రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. మార్జరీ గ్లేసియర్ అనే మంచునది ముందు ఓడ ఆగింది. మంచు మీంచి వచ్చే గాలి చెవుల్ని కోసేస్తుంది, చేతి తొడుగులూ చెవులు కప్పే టోపీ మాత్రం మర్చిపోవద్దు. నీలం రంగు మంచు గోడ నుంచి ఇంటంత ముక్క విరిగి నీళ్లలో పడటం కళ్లకి కనిపించింది, నీళ్లు పైకి లేచాక ఉరుములాంటి చప్పుడు వచ్చింది. మనవరాలు బైనాక్యులర్స్ ఎవరికీ ఇవ్వలేదు. కుటుంబానికి ఒకటి కాదు, రెండు పట్టుకెళ్లండి.

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఒక మాట. విక్టోరియా కెనడాలో ఉంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, వేరే దేశం జెండా ఉన్న ఓడ సియాటిల్ నుంచి సియాటిల్‌కే మనుషుల్ని తిప్పాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి, అందుకే ఆ ఊరు పెడతారు. మాలాగా విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి కెనడా వీసా విడిగా తీసుకోవాలి. వేలిముద్రలతో కలిపి 185 కెనడా డాలర్లు. ఓడ టికెట్ కన్నా ముందు ఆ పని చూసుకోండి.

విక్టోరియాకి చేరేది ఆఖరి సాయంత్రం. అదే రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టాలి, దిగేటప్పుడు రేవులో ఇస్తారు. ఊరు చూసి పదింటికి వచ్చి వదినగారి రెండు పెట్టెలు సర్దడానికి ముగ్గురం కూర్చున్నాం. పొద్దున కట్టుకునేవి విడిగా తీసి పెట్టుకోవాలని కోడలు నాలుగుసార్లు చెప్పింది. చిన్న పెట్టెవాళ్లు బయట పెట్టక్కర్లేదు, పొద్దున్నే తోసుకుంటూ అందరికన్నా ముందు దిగిపోవచ్చు. మా వారూ నేనూ అలాగే దిగాం.

పెద్ద పెట్టెలు ఉన్నవాళ్లకి సియాటిల్ రేవువాళ్ల పోర్ట్ వాలే అనే సేవ ఉంది, ఉచితం. అదే రోజు విమానం ఉంటే ముందు రోజు ఓడలోనే పేరు రాయించుకోవాలి. పెట్టె నేరుగా విమానంవాళ్లకి చేరుతుంది, మనకి డల్లాస్‌లో బెల్టు మీదే కనిపిస్తుంది. విమానంవాళ్ల పెట్టె రుసుము మాత్రం మామూలే. అన్ని విమానాలకీ లేదు, మీది ఉందో లేదో అడగండి. వదినగారి 80 డాలర్ల పెట్టెలు అలా వెళ్లిపోయాక ఆవిడ చేతిలో రసీదు చూపించి తెచ్చుకున్న రైస్ కుక్కర్ ఒక్కటే మిగిలింది. విమానంలో కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.