ఎండకాలం ఎనిమిది వారాలు: ఉపాధి పనా, మిర్చి చేనా, పట్నం అడ్డానా – ఏది మేలు?

మా మహిళా సంఘం కిస్తీల రిజిస్టరులో పెన్సిల్‌తో చుక్క పెట్టడం నాకు అలవాటు. నెల నెలా పదో తారీఖున బడి వరండాలో మీటింగు. ఆ రోజు కిస్తీ కట్టలేనివాళ్ల పేరు పక్కన చిన్న చుక్క పెడతా, కట్టినాక చెరిపేస్తా. పరకాల దగ్గర ఊరు మాది. పత్తి, వరి తప్ప పెద్దగా వేరే పంట లేదు. ఆరేండ్లుగా లెక్కలు రాస్తున్నా కాబట్టి ఆ చుక్కలు ఎప్పుడు పడతాయో చూడకుండానే చెప్పగలను. మే, జూన్ నెలల్లో ఒక గుంపు. నాట్లు అయిపోయి, పత్తి ఇంకా పలగని భాద్రపదంలో ఇంకో గుంపు. పత్తి ఏరే కార్తీకంలో వెతికినా చుక్క దొరకదు.

సర్కారు లెక్కల్లో ఈ చుక్కలు కనిపించవు. 2017 నుంచి జరుగుతున్న కార్మిక సర్వేలో నిరుద్యోగాన్ని రెండు తీర్ల కొలుస్తారు. ఒకటి ఏడాది మొత్తం మీద చూసే లెక్క. ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారన్నదే అందులో ముఖ్యం, అనుబంధంగా 30 రోజులు పని దొరికినా పనిలో ఉన్నట్టే. రెండోది వారం లెక్క. గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఆ మనిషికి పని ఉన్నట్టే. పోయిన మే నెలలో మా వదిన వారమంతా ఇంట్లోనే ఉండి, ఒక్కపూట పక్కింటివాళ్ల పత్తికట్టె ఏరడానికి కైకిలి పోయింది. ఈ లెక్క ప్రకారం ఆమెకు ఆ వారం పని దొరికినట్టే. ఆ నెల రిజిస్టరులో ఆమె పేరు పక్కన మాత్రం చుక్క ఉంది.

అసలు పని ఎందుకు తగ్గింది? చెరువులు నిండుతున్నాయి, కాకతీయ కాలువ నీళ్లు వస్తున్నాయి, యాసంగిలోనూ వరే. పంట పెరిగితే పని పెరగాలి కదా అని బయటివాళ్లు అడుగుతారు. పని మనుషుల చేతుల్లోంచి జారిపోయింది. ఇదివరకు ఊరంతటికీ ఇరవై రోజులు పట్టే వరికోతను ఇప్పుడు మిషన్ మూడు నాలుగు రోజుల్లో ముగిస్తుంది. కలుపుకు మందు కొడుతున్నారు. నాట్లకు కరీంనగర్, పెద్దపల్లి వైపు బెంగాల్, బిహార్ గుంపులు వచ్చి ఎకరానికి ఇంత అని గుత్తకు పట్టుకుంటున్నాయి. మనిషి చేతికే మిగిలిన పెద్ద పని పత్తి ఏరుడు ఒక్కటే. కిలోకు పది నుంచి పదిహేను రూపాయల దాకా ఇస్తారు. చేతివాటం ఉన్న ఆడమనిషి ఆ రెండు నెలలు నాలుగు పైసలు వెనకేస్తుంది. సంక్రాంతి దాటితే అదీ అయిపోతుంది. యాసంగి నాట్లు ఒక పదిహేను రోజులు. ఆ తర్వాత జూన్‌లో మిరుగం దాకా కాళ్లు చాపుకుని కూర్చోవడానికి లేదు, పోదామంటే పని లేదు.

అప్పుడు మా వాడలో మూడు దారులు ఉంటాయి: ఊర్లోనే ఉపాధి హామీ పని, గోదావరి ఒడ్డున మిర్చి ఏరుడు, హైదరాబాద్ అడ్డా. ప్రతి ఏడు మాఘమాసం నుంచే సంఘంలో ఇదే మాట. నేను ఒక్కో ఇంటి ఖర్చూ రాబడీ అడిగి రాసుకున్నా. కింద చెప్పే కూలి రేట్లు, ఖర్చులు మా వాడవాళ్లు చెప్పినవే. మీ ఊర్లో పది, ఇరవై అటూ ఇటూ ఉండొచ్చు.

ముందు ఉపాధి పని. 2006 ఫిబ్రవరిలో ఈ పథకం మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో మన వరంగల్, కరీంనగర్ కూడా ఉన్నాయి. అంటే మనకిది ఇరవై ఏండ్ల అనుభవం. 2025-26లో తెలంగాణ రోజు కూలి 307 రూపాయలు. అంత చేతికి రావాలంటే తవ్విన మట్టి కొలత పడాలి. మే నెలలో చెరువు మట్టి రాయిలా బిగుసుకుంటుంది, గడ్డపార దిగదు. మా గుంపుకు 240 దగ్గర పడితే మంచిగ పడ్డట్టే. పొద్దున ఆరింటికి చెరువు కట్ట మీద ఉండాలి. గుంపు హాజరు చూసే మేట్ ఫోన్‌లో ఫోటో తీస్తుంది. పని చేశాక రెండో ఫోటో. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఆ రోజు మస్టర్, అంటే హాజరు, పోయినట్టే అని అందరికీ భయం, అందుకని చెయ్యెత్తి టవర్ దొరికే చింతచెట్టు కిందికే అందరం నడుస్తాం. పదకొండింటికల్లా ఇంట్లో ఉంటాం. ఆడ, మగ తేడా లేకుండా ఒకటే కూలి. ఊరవతల ఎవరి చేన్లోనూ మాకు ఈ మర్యాద లేదు. అందుకే ఈ పనంటే నాకు గౌరవం.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. వంద రోజులు ఇంటికి, మనిషికి కాదు. ఆలుమగలు ఇద్దరూ పోతే యాభై రోజుల్లో అయిపోతాయి. వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాలు, ఇద్దరికీ కలిపి రోజుకు 480 అనుకుంటే 23,040 రూపాయలు. కిరాయి లేదు, చార్జీలు లేవు. కానీ జూన్‌కల్లా జాబ్ కార్డులో నాలుగు రోజులే మిగులుతాయి. భాద్రపదంలో మళ్లీ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

మిర్చి సంగతి వేరు. ములుగు జిల్లాలో మంగపేట, ఏటూరునాగారం, వెంకటాపురం వైపు గోదావరి ఒడ్డు పొడుగునా తోటలే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏరుతారు. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల నుంచి గుంపులకు గుంపులు దిగుతాయి. మా దగ్గరి నుంచి ట్రాక్టరు మీదో, బొలెరోలోనో పోతారు. ఏరిన తూకాన్ని బట్టి రోజుకు మనిషికి 350 దాకా పడుతుంది. ఏడు వారాలకు ఇద్దరికీ 29,400. పోనురాను చార్జీలు, కూరగాయలు, నూనె, గోలీలు కలిపి 5,000 తీసేస్తే 24,400. పైకి చూస్తే ఉపాధి పనికి సమానం. పైగా ఏప్రిల్ 1 నుంచి జాబ్ కార్డు మీద కొత్త వంద రోజులు మొదలవుతాయి కాబట్టి, ఉగాదికి తిరిగొచ్చినవాళ్లకు రెండూ దక్కుతాయి. పిల్లలు లేని జంటకు, పిల్లలు పెద్దయిన జంటకు ఇదే మేలని నేనే చెప్తా.

చిన్న పిల్లలున్న ఇల్లయితే మాత్రం వద్దంటా. ఫిబ్రవరి, మార్చి అంటే పరీక్షల ముందు నెలలు. పిల్లలను వెంట తీసుకుపోతే చేన్లో పరదాల గుడిసె, బోరు నీళ్లు, బడి లేదు. వదిలిపోతే ముసలవ్వ మీద భారం. మా వదిన మూడేండ్ల కింద చిన్నోణ్ని వెంటేసుకుని పోయింది. తిరిగొచ్చిన రాత్రి మజ్జిగ గిన్నెలో రెండు చేతులు ముంచుకుని గడప మీద కూర్చుంది. గోళ్ల సందుల్లో ఎర్రగా మిర్చి కారం, ఎంత కడిగినా పోదు. అన్నం స్పూనుతో తిన్నది. పిల్లోడు ఒళ్లోకి రాబోతే మోచేత్తో ఆపింది. "అద్దు బిడ్డా, కండ్లు మండుతయ్" అన్నది. వాడు రెండు రోజులు నా దగ్గరే పడుకున్నాడు.

మిర్చి పనికి ఇంకో గండం ధర. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయింది. ఏరిన కూలి కూడా రాదనుకున్న రైతు రెండో ఏరుడుకు మనుషులను పిలవడు. తప్పు రైతుది కాదు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఆ రోజు రేటు పలకలేదు. ఏడు వారాల పనని పోయినవాళ్లు నాలుగు వారాలకే సర్దుకుని రావాల్సి వస్తుంది.

ములుగు, భూపాలపల్లి అడవి ఊర్లవాళ్లకు మే నెలలో తునికాకు ఉంది. 50 ఆకుల కట్టకు ఇచ్చే ధర 2022లో 2.05 నుంచి 3 రూపాయలకు పెరిగింది. నాలుగింటికే లేచి ఇంటిల్లిపాదీ తెంపి, కట్టలు కడితే ఆ మూడు నాలుగు వారాలు మంచి కైకిలే. అడవి పక్కన ఉంటేనే ఆ దారి, మాకు లేదు.

ఇక పట్నం. అందరి నోటా అదే మాట: "ఆడ రోజుకు ఎనిమిది వందలక్కా!" నిజమే. మగమనిషికి ఎనిమిది వందలు, ఆడమనిషికి ఆరు వందలు. పని అదే, ఇసుక తట్ట అదే, ఆడదానికి రెండు వందలు తక్కువ. అడ్డా మీద పొద్దున నిలబడితే వారానికి నాలుగు రోజులే దొరుకుతుంది. ఎనిమిది వారాలకు ఇద్దరి కూలి 44,800. రెండు నెలల కిరాయి, కరెంటు కలిపి 10,000. బియ్యం ఫరవాలేదు, రేషన్ అక్కడా తీసుకోవచ్చు. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది. కూర, పాలు, గ్యాస్, నీళ్ల డబ్బాలకు ఊర్లోకంటే ఎక్కువయ్యేది 6,000. సామాను తరలింపు, చార్జీలు 2,000. చేతిలో మిగిలేది 26,800. ఊర్లో ఉపాధి పనికంటే 3,760 ఎక్కువ. ఆ మూడు వేల ఏడు వందల కోసం రేకుల షెడ్డులో ఎండకాలం పిల్లలతో ఉండటం నాకు నచ్చదు. ఒక్కరికి జ్వరం వస్తే ఆ తేడా ఒక్క దవాఖాన చీటీకి సరిపోతుంది.

అయితే పట్నాన్ని మొత్తం కొట్టేయలేను. మగమనిషి ఒక్కడే పోయి నలుగురితో గది పంచుకుంటే లెక్క మారుతుంది. అతని కూలి 25,600. గది వాటా 3,000, తిండికి ఎక్కువయ్యేది 5,000, చార్జీలు 1,000 పోతే 16,600 మిగులుతాయి. ఊర్లో ఆమె ఒక్కతే 48 రోజులు ఉపాధి పనికి పోతే 11,520. రెండూ కలిపి 28,120. పైగా జాబ్ కార్డులో ఇంకా 52 రోజులు ఉంటాయి. భాద్రపదంలో అవి అక్కరకొస్తాయి. పిల్లలు, బర్రె, ముసలవ్వ ఎక్కడివాళ్లు అక్కడే. నా రిజిస్టరులో మే, జూన్ చుక్కలు పడని ఇండ్లు చాలా వరకు ఇట్ల చేసినవే. ఇందులో ఆడమనిషి మీద పడే బరువు చిన్నది కాదు. చెరువు పని, ఇంటి పని, బర్రె పని అన్నీ ఆమెవే. రాత్రి ఫోన్ మోగకపోతే నిద్ర పట్టదు. తాగే అలవాటున్న మనిషైతే ఆ 16,600 ఇంటికి చేరదు. అటువంటి ఇంటికి నేను ఈ సలహా ఇవ్వను. ఇద్దరూ ఊర్లోనే ఉండండి, ఆమె కూలి నేరుగా ఆమె ఖాతాలోనే పడుతుంది అంటా.

చదువుకున్న ఆడపిల్లలకు నాలుగో దారి ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. గీసుగొండ, సంగెం మండలాల మధ్య 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు మాకు దగ్గరే. ఆజం జాహీ మిల్లులో పనిచేసిన తాతల కథలు వింటూ పెరిగినవాళ్లం, మళ్లీ వరంగల్‌కు బట్టల మిల్లు అంటే మాకు గుండె కొట్టుకుంటుంది. పన్నెండు నెలలు జీతం, పీఎఫ్, ఈఎస్ఐ. కిస్తీ లెక్కకు దీన్ని మించింది లేదు, ఎందుకంటే దీనికి కార్తె లేదు. కుట్టుమిషన్ పనికి చూపు, వయసు కావాలి. మా వదిన ఈడువాళ్లకు అది దొరకదు, ఆమె బిడ్డకు దొరకొచ్చు. పది పాసైన పిల్ల ఇంట్లో ఉంటే మిర్చి చేనుకు తీసుకుపోవద్దు, ముందు అక్కడ అడగండి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో వరంగల్, హన్మకొండ దుకాణాల్లో పనికి పొద్దున పోయి పొద్దుగూకేసరికి వచ్చేవాళ్లూ మా ఊర్లో కనిపిస్తున్నారు.

ఇప్పుడు కొత్త చట్టం మాట. పైన నేను వేసిన లెక్కలన్నీ పాత వంద రోజులవే. ఉపాధి హామీకి బదులు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం వంద రోజులను 125 చేసింది. అది సంతోషమే. విత్తడం, కోతల రద్దీలో ఏడాదికి మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపుతారని కూడా అందులో ఉంది. కూలీలు దొరకడం లేదన్న రైతుల బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ రెండెకరాలుంది. నాట్లప్పుడు ఆపితే నేను ఒప్పుకుంటా, అప్పుడు చేన్లో చేతికి పనుంటుంది. పత్తి ఏరేటప్పుడు ఆపినా ఒప్పుకుంటా. వరికోత పేరు చెప్పి ఆపితే మాత్రం ఒప్పుకోను. కోత రద్దీ మిషన్‌కు, మనిషికి కాదు. ఆ రోజుల్లో మా వాడ ఆడవాళ్లు మిషన్ వెనక రాలిన కంకులు ఏరుకోవడమే నేను చూస్తున్నా. ఏ అరవై రోజులన్నది ఊరి పంటను బట్టి ఉండాలి. గ్రామసభలో ఈ మాట ఇప్పుడే ఎత్తాలి.

భూమి లేని ఇండ్లవాళ్లకు ఇంకో మాట. 2025 జనవరి 26న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాలో ఏడాదికి 12,000 అన్నారు. దానికి భూమిలేని కుటుంబం 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నారు. ఆ ఏడు అందరూ పట్నం పోయిన ఇండ్లకు ఆ పేరు రాలేదు. ఏ దారి పట్టినా ఇంట్లో ఒకరి పేరు మస్టర్‌లో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఈ ఏడు మా అన్న ఒక్కడే పట్నం పోతున్నాడు. వదిన ఊర్లోనే. పని కావాలని పంచాయతీలో ఆమె కాగితం రాసిచ్చింది. రసీదు మీద తారీఖు వేయించుకోమని నేనే చెప్పా, పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి అడిగే హక్కు ఆ తారీఖు నుంచే లెక్క. రసీదు తెచ్చి నా రిజిస్టరు అట్ట లోపల పెట్టింది. "నీ దగ్గరనే ఉండనియ్యి, నా ఇంట్ల ఎలుకలు కొరుకుతయ్" అన్నది.