విశాఖలో అమ్మమ్మ అంగిలి కాన్సర్ ఆపరేషన్: ఆసుపత్రి ఎలా ఉంది

మాది శ్రీకాకుళం వైపు సముద్రం పక్క ఊరు. మా అమ్మమ్మకి వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి తాగడం (బయటివాళ్ళకి చెబితే నమ్మరు). అంగిలి మీద పుండు లేస్తే ఊళ్ళో డాక్టరు బి కాంప్లెక్స్, పూసుకునే జెల్ ఇచ్చి రెండు నెలలు గడిపేశాడు. మూడు వారాలైనా మానని నోటి పుండుని బయాప్సీకి (చిన్న ముక్క కోసి చేసే పరీక్ష) పంపాలని మాకెవరు చెప్పారు గనక!

విశాఖలో మేం వెళ్ళిన ఆసుపత్రి పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి మరి. సర్జన్ మాత్రం బంగారం. లైటు వేసి నోరంతా చూసి, మెడలో బిళ్ళలున్నాయేమోనని వేళ్ళతో తడిమి, ఆ రోజే ముక్క తీశారు. సీటీ స్కాన్‌కి వెళ్తే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు లేదని వెనక్కి పంపారు, ఆ మాట ముందే చెప్తే ఒక రోజు మిగిలేది కదా.

ముక్క రిపోర్టులో స్క్వేమస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొరలో పుట్టే కాన్సర్ అని వచ్చింది. పై దవడలో కొంత తీసెయ్యాలన్నారు. ఆపరేషన్‌కి ముందు డెంటల్‌కి పంపితే, కాన్సర్‌కి పళ్ళ డాక్టరెందుకని నాకు చిరాకేసింది. వాళ్ళు పై దవడ అచ్చు తీసుకున్నారు. దవడ తీశాక నోటికీ ముక్కుకీ మధ్య కన్నం పడుతుంది, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. ఆ కన్నం మూసే ప్లేటు ముందే చేసి థియేటర్‌లోనే బిగించారు. గొంతులో పైపు తీశాక, "ఏట్రా, టీ ఇవ్వరా?" అంది అమ్మమ్మ, నాకు స్పష్టంగా వినపడింది. మీరు వేరే ఎక్కడ చేయించినా సరే, ప్లేటు ఎవరు చేస్తారో కత్తి పెట్టకముందే అడగండి.

తర్వాత ఆరు వారాల్లో 30 రేడియేషన్లు. నోరు బిగుసుకుపోకుండా ఐస్ పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టించేవారు, వారానికో పుల్ల పెంచాం, తిట్టుకుంటూనే చేసింది.

ఇక తిట్లు. గాయం మానుతూ ఆకారం మారేకొద్దీ ప్లేటు వదులవుతుంది, మళ్ళీ సరిచేయించాలి. దానికి అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత ఇచ్చారు, అన్నాళ్ళూ టీ ముక్కులోంచే. అయిదుకి నాలుగు స్టార్లు, కోసిన ఒకటీ ఆ డెంటల్ కౌంటర్‌కే.