రూగర్ సూపర్ రెడ్‌హాక్ .44 మాగ్నమ్: వేట రివాల్వర్ తన్నుకి ముందు బరువు చూడండి

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు అడవిపంది పేరెత్తితే మొక్కజొన్న చేను గుర్తొస్తుంది. ఒక్క రాత్రిలో మడంతా దున్నినట్టు తిరగేసి పోతుంది. మన దగ్గర మంచె, డబ్బా చప్పుడు, టార్చిలైటు, అంతే. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అధికారి అనుమతి లేని వేట నేరం. అదే మన ఇళ్ల పిల్లలు టెక్సస్‌లో ఉద్యోగం చేస్తుంటే, రాంచ్ యజమాని స్వయంగా రమ్మంటాడు, వచ్చి పందుల్ని కొట్టిపొమ్మంటాడు. మొదటి ఏడు ఎవరిదో రైఫిలు పట్టుకుంటారు. రెండో ఏడు వాట్సాప్‌లో మెసేజి వస్తుంది: "బావా, వేటకి పెద్ద రివాల్వర్ తీసుకుందామనుకుంటున్నాను, .500 ఎలా ఉంటుంది?"

.500 అంటే గుండు అడ్డకొలత అర అంగుళం ఉండే తూటా. అది వద్దు బావా. .44 మాగ్నమ్ తీసుకో, అదీ బరువైన తుపాకీలో తీసుకో. అందుకే ఇక్కడ చూస్తున్నది రూగర్ సూపర్ రెడ్‌హాక్, 7.5 అంగుళాల గొట్టం, ఆరు తూటాల మోడల్. 1987 నుంచీ తయారవుతోంది. ఖాళీగా 53 ఔన్సులు, అంటే కిలోన్నర. పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలు. తూటాలు పట్టే సిలిండర్ ఫ్రేముకి మూడు చోట్ల తాళం పడుతుంది. ఫ్రేము ముందుకి సాగి గొట్టం మొదలుని కప్పేస్తుంది కాబట్టి చూడటానికి మొద్దుగా ఉంటుంది. అందం కోసం కొనేవాళ్లు దీని జోలికి రారు.

కొనేవాళ్లందరూ పొరపడేది క్యాలిబర్, అంటే తూటా సైజు, దగ్గరే. తుపాకీ వెనక్కి ఎంత తన్నుతుందన్నది మూడింటి మీద ఉంటుంది: గుండు బరువూ దాని వేగమూ, మందు బరువు, తుపాకీ బరువు. మొదటి రెండూ ముందుకి ఎంత ఊపుతో పోతాయో అంత ఊపు వెనక్కి వస్తుంది. తుపాకీ ఎంత తేలికైతే అది అంత వేగంగా చేతిలోకి దూసుకొస్తుంది. 240 గ్రెయిన్ల గుండు, అంటే పదిహేనున్నర గ్రాములు, సెకనుకి 410 మీటర్ల వేగంతో పోతుందనుకొని లెక్క కట్టండి. కిలోన్నర సూపర్ రెడ్‌హాక్‌లో తన్ను సుమారు 23 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే లెక్క). అదే తూటాని స్మిత్ అండ్ వెసన్ 329పీడీ లాంటి 700 గ్రాముల తేలిక రివాల్వర్‌లో పేలిస్తే 48 జౌళ్లు దాటుతుంది. తూటా మారలేదు, చేతికి తగిలే దెబ్బ రెట్టింపయింది. కొండెక్కేటప్పుడు ఎలుగుబంటి భయానికి నడుముకి కట్టుకోవడానికి ఆ తేలిక తుపాకీ పనికొస్తుంది. వేట నేర్చుకోవడానికి పనికిరాదు.

ఇక .500 స్మిత్ అండ్ వెసన్ సంగతి. 2003లో వచ్చింది, అయిదు తూటాలు, రెండు కిలోల తుపాకీ. 400 గ్రెయిన్ల గుండుతో లెక్క కడితే 65 జౌళ్ల దగ్గర తేలుతుంది. మూతి దగ్గర వాయువుని పైకి చిమ్మే కాంపెన్సేటర్ కొంత తగ్గించినా ఆ మేరకు చెవి మీద మోత పెంచుతుంది. మన ఊళ్లో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ కాల్చినవాళ్లకి పోలిక చెప్పాలంటే, దాని తన్ను 35 జౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది, దాన్ని భుజం మొత్తం పంచుకుంటుంది. ఇక్కడ దాదాపు రెండింతలు రెండు మణికట్ల మీద పడుతుంది. .454 కాసల్ మధ్యరకం, ఇదే సూపర్ రెడ్‌హాక్‌లో దొరుకుతుంది, 300 గ్రెయిన్ల గుండుతో 48 జౌళ్లు. దానిలో .45 కోల్ట్ తూటాలు కూడా పేలతాయి కనుక తరవాతెప్పుడైనా మనసు పడితే దానికి కొంత అర్థముంది. టెక్సస్ పందికి అవసరం మాత్రం లేదు.

.44లోనే మిగతావాటి సంగతి చూస్తే: స్మిత్ అండ్ వెసన్ 629 ట్రిగ్గర్ మెత్తగా, సాఫీగా ఉంటుంది, అందులో రూగర్ దానికి సాటిరాదు. బరువు తూటాలు రోజూ వాడితే మాత్రం 629 కీళ్లు ముందు వదులవుతాయి. రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ సింగిల్ యాక్షన్, అంటే ప్రతిసారీ హామర్ చేత్తో ఎక్కించి కాల్చాలి; ధర తక్కువ. దాని నాగలి పిడి దెబ్బకి అరచేతిలో పైకి దొర్లుతుంది, ట్రిగ్గర్ గార్డు వెనక అంచు మధ్యవేలి కణుపుకి కొడుతుంది. ఆ మోడలే కావాలంటే బిస్లీ పిడి ఉన్నది అడగండి, అది నిలువుగా దిగి ఉంటుంది, దొర్లడం తగ్గుతుంది.

సూపర్ రెడ్‌హాక్‌లో మాకు నచ్చిన మొదటి గుణం పిడి. లోపల ఫ్రేము నుంచి సన్నటి కడ్డీ ఒక్కటే కిందకి దిగుతుంది, దాని చుట్టూ ఏ ఆకారమైనా తొడగొచ్చు. కంపెనీ ఇచ్చే హోగ్ రబ్బరు పిడిలో అరచేతి వెనక మెత్తటి పొర ఉంటుంది, అది నిజంగానే పనిచేస్తుంది. అయితే మన చేతులు సగటున చిన్నవి. కొట్లో పట్టుకొని చూడండి: చూపుడువేలి మొదటి కణుపు దగ్గరి మెత్తదనం ట్రిగ్గర్‌కి అందాలి, అదే సమయంలో గొట్టం ముంజేతి ఎముకకి వరసలో ఉండాలి. అందక చెయ్యి పక్కకి తిప్పి పట్టారో, తన్ను నేరుగా బొటనవేలి మొదటి కీలు మీదికి వస్తుంది. వారం రోజులు నొప్పి, తరవాత భయం, తరవాత తుపాకీ అమ్మకం. వేలు అందకపోతే సన్నపిడి వేయించుకోండి, లేదా హామర్ చేత్తో ఎక్కించి సింగిల్ యాక్షన్‌లో కాల్చండి. వేటలో ఎలాగూ అదే వాడతారు.

పట్టుకోవడం దగ్గర తొందర వద్దు. కుడిచేతి గూడు, అంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గాడి, పిడి వెనక భాగంలో వీలైనంత పైన నడిమధ్యకి రావాలి. ఎడమచేయి వేళ్లు కుడి వేళ్ల మీద చుట్టుకోవాలి, ఎడమచేతి బిగువు కుడిదానికన్నా కాస్త ఎక్కువ ఉండాలి. రెండు బొటనవేళ్లూ వెనకే ఉండాలి. ఆటోమేటిక్ పిస్తోలు అలవాటున్నవాళ్లు బొటనవేలు ముందుకి చాపుతారు. రివాల్వర్‌లో సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, కాల్చిన ప్రతిసారీ అక్కణ్ణుంచి నిప్పులాంటి వాయువు పక్కకి చిమ్ముతుంది. .44లో తోలు చీలుతుంది, .460, .500లలో వేలే పోవచ్చు. నడుం వెనక్కి వంచి నిలబడకండి, బరువు మునివేళ్ల వైపు ఉండాలి. మోచేతులు బిగదీయకుండా కొంచెం వంచి ఉంచితే దెబ్బ మోచేతి కీలుదాకా పాకదు. తుపాకీ పైకి లేస్తుంది, లేవనివ్వండి. ఆపాలని ముందే కిందకి నొక్కేవాడి గుండు ముందే కిందకి పోతుంది.

ఆ ముందస్తు నొక్కుడే అసలు రోగం. తన్నుకన్నా తన్నుతుందన్న ఉలుకే ఎక్కువ గుళ్లు తప్పిస్తుంది. కుడిచేతి వాటం వాళ్లకి గుళ్లన్నీ గురికి కింద, ఎడమవైపు పడుతుంటే అదే గుర్తు. దానికి చికిత్స ఇలా ఉంది: సిలిండర్‌లో మూడు గదుల్లో తూటాలు, మిగతా మూడింట్లో కాల్చేసిన ఖాళీ తొడుగులు, ఎక్కడేముందో తెలియకుండా పక్కవాడు పెట్టి ఇవ్వాలి. ఖాళీ తొడుగు మీద హామర్ పడ్డప్పుడు మూతి కిందకి ఊగిందా, ఉలుకు దొరికిపోయినట్టే. మూతి కదలనంతవరకూ ఇదే ఆట. ఇంట్లో తూటాలు వేరే గదిలో పెట్టి, సిలిండర్ రెండుసార్లు చూసుకొని, ఖాళీగా ట్రిగ్గర్ లాగి సాధన చెయ్యొచ్చు, రూగర్‌కి దానివల్ల నష్టం లేదు.

మొదటిరోజు .44 స్పెషల్ తూటాలతో మొదలుపెట్టండి. అది 1907 నాటి తూటా, .44 మాగ్నమ్ గదిలో చక్కగా సరిపోతుంది, ఈ బరువు తుపాకీలో దాని తన్ను ఆరు జౌళ్లకి లోపే. పదిహేను గజాల నుంచి యాభై స్పెషల్, చివర్లో ఆరే మాగ్నమ్. రెండో వారం పన్నెండు. ఒక పూటలో మాగ్నమ్ పాతిక దాటనివ్వకండి; అలసిన చెయ్యి నేర్చుకునేది ఉలుకే. కొత్తవాళ్ల చేతికిచ్చేటప్పుడు ఒక్కటంటే ఒక్క తూటా పెట్టి ఇవ్వండి. దెబ్బకి చెయ్యి బిగుసుకొని తెలియకుండానే ట్రిగ్గర్ మళ్లీ లాగితే రెండో గుండు ఆకాశంలోకి పోతుంది. చెవికి లోపల ప్లగ్గులు, పైన మఫ్ రెండూ కావాలి, కళ్లద్దాలు సరేసరి. పల్చటి మెత్త గ్లౌజులు తోలుని కాపాడతాయి, కీళ్లని కాదు.

బల్ల మీద ఆనించి గురి సరిచూసేటప్పుడు గొట్టాన్ని ఇసుక సంచి మీద పెట్టకండి, గుళ్లు పైకి పడతాయి. ట్రిగ్గర్ గార్డు ముందు ఫ్రేముని ఆనించండి. సిలిండర్ సందు ఎదురుగా సంచి గుడ్డ ఉంటే కోసుకుపోయి ఇసుక కారుతుంది, తోలు ముక్క కప్పండి.

చెడిపోయేవి పెద్దగా లేవు కానీ ఉన్నవి చికాకైనవి. ఒకటి, స్పెషల్ తూటాలు కాలిస్తే వాటి పొట్టి తొడుగు ముందు గదిలో మసి ఉంగరం కడుతుంది. తుడవకుండా మాగ్నమ్ పెడితే దూరదు, దూరినా కాల్చాక రాదు. కంచు బ్రష్షుతో ప్రతిసారీ తోమాలి. రెండు, ఖాళీ తొడుగులు దులిపేటప్పుడు మూతి ఆకాశం వైపు ఉండాలి. కిందకి ఉంటే కాలని మందు రేణువులు తొడుగుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ నక్షత్రం కిందకి చేరి సిలిండర్ బిగిసిపోతుంది. చాలామంది దీన్ని తుపాకీ లోపమనుకొని కంపెనీకి పంపుతారు, టూత్‌బ్రష్షుతో పోయే జబ్బు అది. మూడు, గుండు జారడం. అయిదు తూటాలు పేలుతుంటే ఆరోది ఆ కుదుపులకి తొడుగులోంచి ముందుకి జరుగుతుంది, సిలిండర్ అంచు దాటి పొడుచుకొచ్చి అది తిరగకుండా అడ్డుపడుతుంది. కొత్త కంపెనీ తూటాలు కొన్నప్పుడు ఒకదాని పొడవు కాలిపర్‌తో కొలిచి ఆఖరి గదిలో పెట్టండి, అయిదు కాల్చి మళ్లీ కొలవండి. పెరిగితే ఆ రకం మానేయండి. ట్రిగ్గర్ బరువు తగ్గించాలని మెత్త స్ప్రింగులు వేయించేవాళ్లున్నారు. హామర్ స్ప్రింగు మరీ మెత్తనైతే తూటా అడుగున నిప్పు రగిలించే ప్రైమర్ పేలదు, అదీ పంది ఎదురుగా ఉన్నప్పుడే.

దూర్బీను బిగించే గాట్లు ఫ్రేము మీదే ఉంటాయి, రింగులు పెట్టెలోనే ఇస్తారు. విడిగా బేసు కొనక్కర్లేదు, ఆ ఒక్క కారణానికే దీన్ని వేట తుపాకీ అనొచ్చు. రివాల్వర్ కోసం చేసిన, చెయ్యి చాచినంత దూరం నుంచి కనిపించే 2ఎక్స్ (రెండింతలు పెద్దగా చూపే) రకమే కొనండి. రైఫిలుది పెడితే దాన్ని కంటి దగ్గరకి తెచ్చుకోవాలి, నొసలు పగులుతుంది. రింగులతో కలిపి మూడు నాలుగు వందల గ్రాములు పెరిగి తన్ను 19 జౌళ్లకి దిగుతుంది, కానీ పైబరువై చెయ్యి వణుకు కనబడుతుంది. గురి మీద ఎర్రచుక్క చూపే రెడ్ డాట్ మధ్యేమార్గం. ఇరవై తూటాలకోసారి రింగు మరలు చూసుకోండి. అన్నీ తగిలించాక నడుం ఒర సరిపోదు, ఛాతీ మీద కట్టే ఒరే గతి.

ఎంత దూరం కొట్టొచ్చన్నది తుపాకీ చెప్పదు. పదిహేను సెంటీమీటర్ల స్టీలు పళ్లెంలో, కింద కూర్చొని మోకాళ్ల మీద మోచేతులు పెట్టి, అయిదుకి అయిదు ఏ దూరం నుంచి పడతాయో అదే మీ హద్దు. చాలామందికి అది యాభై గజాలు. పందికి గుండె బాగా కిందకి, ముందుకాళ్ల మధ్య ఉంటుంది, భుజం మీద గట్టి తోలు పలక ఉంటుంది. అందుకే మెత్తగా విచ్చుకునే గుండ్లకన్నా 240 నుంచి 300 గ్రెయిన్ల చదును మూతి గట్టి సీసం గుండు మేలు. అది పందిని దాటి అవతలికి పోతుంది కనుక వెనక మట్టి గట్టు లేనిచోట కాల్చకూడదు.

కొనేముందు వీసా కాగితం చూసుకోండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. ఇక్కడో మెలిక ఉంది: ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవి పట్టిన ఈ పందుల వేటకి లైసెన్స్ అక్కర్లేదని టెక్సస్ 2019లో మార్చింది. అది విని లైసెన్స్ మానేస్తే పంది సంగతి సరే, మీ చేతిలో తుపాకీ నేరమవుతుంది. అక్కడి లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది, సెప్టెంబర్ ఒకటికల్లా కొత్తది చేతిలో ఉండాలి. రేంజిలో అద్దె తుపాకీకీ ఇదే లెక్క. 1971 సెప్టెంబర్ 2నో ఆ తరవాతో పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కూడా పూర్తిచెయ్యాలి. గ్రీన్‌కార్డు ఉంటే ఈ వీసా బాధ లేదు. షాపులో తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ 4473 ఫారం నింపేటప్పుడు పౌరసత్వం గడి దగ్గర తప్పు రాయొద్దు.

సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు వేట కోటు జేబులు, బ్యాగు అడుగు అర, బూట్ల లోపల కూడా తిరగేసి దులపండి. ఒక్క తూటా సామానులో కనబడితే విశాఖపట్నంలో దిగినా భువనేశ్వర్‌లో దిగినా ఆయుధ చట్టం కేసు, పండగ పోలీస్ స్టేషన్లో. వేటకి వాడిన బ్యాగుని విమానానికి అసలు వాడకపోవడమే తేలిక.