ఆయిల్ స్టిక్ మన చేతికిచ్చి చూపించే షెడ్డు - విజయవాడ ఆటోనగర్

విజయవాడ ఆటోనగర్‌లో కారు మెకానిక్‌లకు కొదవ లేదు. లేత్ వర్కులు, రేడియేటర్ షాపులు, లారీలకు బాడీలు కట్టేవాళ్లు, పాత స్పేర్ పార్టులు అమ్మేవాళ్లు, అన్నీ ఆ వీధుల్లోనే. వాళ్ల మధ్య బోర్డు కూడా లేని ఒక చిన్న షెడ్డు గురించి రాయడానికి నాకున్న కారణం ఒక్కటే. అక్కడ ఇంజన్ ఆయిల్ చూసినంత శ్రద్ధగా నేను ఇంకెక్కడా చూడలేదు.

నాది పెట్రోల్ కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. పటమట నుంచి బందరు రోడ్డు మీదుగా ఉయ్యూరు కాలేజీకి రోజూ దాని మీదే వెళ్లొస్తాను. ఈ వయసు బండ్లు సర్వీసుకీ సర్వీసుకీ మధ్య కాస్త ఆయిల్ తాగడం మామూలే, అందుకే మధ్యలో ఒకసారి చూపించుకోవాలి. ఇంతకుముందు వెళ్లిన చోట బండి ఆపీ ఆపగానే బానెట్ ఎత్తేవారు. ఆయిల్ మట్టం చూసే స్టిక్ ఒక్కసారి లాగి, "ఆయిల్ బాగా తగ్గిపోయింది మేడమ్" అనేవారు. పోసింది ఎంతో నాకు చూపించేవారు కాదు, బిల్లులో మాత్రం లీటరు ఉండేది.

ఈ షెడ్డు మేస్త్రి గారు పెద్దాయన. కారు లోపలికి వెళ్లగానే ఆయన ముందు చూసేది నేల. షెడ్డు ముందు కొంత మేర చదునుగా సిమెంటు చేయించుకున్నారు. నాలుగు చక్రాలూ దాని మీదకు వచ్చేదాకా ఊరుకోరు. రెండు చక్రాలు ర్యాంపు మీద ఉంటే ఇంజన్ అడుగున ఉండే చాంబర్‌లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి లెక్క తప్పు చూపిస్తుంది. అక్కడ వేరే బండి ఉంటే అది కదిలేదాకా మనం ఆగాల్సిందే.

ఆ తర్వాత ఇంజన్ ఆపించి, "కూర్చోండమ్మా, ఆయిల్ కిందికి దిగాలి" అంటారు. నాకు బాగా నచ్చింది ఈ ఆగడమే. నడిచి వచ్చిన ఇంజన్‌లో ఆయిల్ పైన హెడ్‌లో, క్యామ్‌షాఫ్ట్ చుట్టూ, సన్నటి దారుల్లో ఇంకా నిలిచి ఉంటుంది. వెంటనే స్టిక్ లాగితే ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. అది చూసి పోస్తే, పైనున్నది కూడా దిగాక మొత్తం స్టిక్ మీది పై గీత దాటిపోతుంది. ఎంతసేపు ఆగాలో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఎక్కువ కంపెనీలు ఐదు నిమిషాలు అంటాయి, హోండా వాళ్లు మూడు అంటారు. మేస్త్రి గారు ఏ కారుకైనా పది నిమిషాలు ఆగుతారు. ఈలోగా ఎవరు తొందరపెట్టినా పక్క బండి టైరు చూస్తుంటారు గానీ బానెట్ జోలికి రారు.

ఇక స్టిక్ లాగడం. మొదటిసారి లాగినప్పుడు అసలు దాన్ని చూడరు. స్టిక్ దిగే గొట్టం గోడలకు అంటిన ఆయిల్ స్టిక్ పొడుగునా పూసుకుని ఉంటుంది కాబట్టి అందులో నిజం ఉండదు. గుడ్డతో శుభ్రంగా తుడుస్తారు. ఆ గుడ్డ కూడా వేరు. చేతులు తుడుచుకునే వేస్ట్ దారాలు కాదు, ఉతికిన పాత లుంగీ ముక్క. దారం పోగు స్టిక్‌కు అంటుకుని లోపలికి పోతే ఆయిల్ దారులకు అడ్డం పడుతుందని ఆయన భయం. తుడిచిన స్టిక్‌ను గొట్టంలోకి ఆఖరుదాకా, పిడి ఆనేదాకా నొక్కి, మళ్లీ లాగుతారు. కొన కిందికి ఉండేలా పట్టుకుని అప్పుడు నా చేతికిస్తారు.

"రెండు వైపులా చూడండమ్మా. ఏ వైపు తక్కువుంటే అదే లెక్క."

బయటికి తీసేటప్పుడు స్టిక్ గొట్టానికి రాసుకుంటే ఒక వైపు తడి పైదాకా పాకుతుంది. ఒక్క వైపే చూసేవాళ్లు అక్కడే మోసపోతారు. పైగా ఇప్పటి కార్లలో వాడే జీరో డబ్ల్యూ ట్వంటీ లాంటి పల్చటి ఆయిల్ కొత్తగా పోసినప్పుడు తేనె రంగులో ఉండి స్టిక్ మీద ఆనదు. నాకు కనబడకపోతే ఎండకు ఏటవాలుగా తిప్పి చూపించారు. తడి ఎక్కడ ఆగిందో అక్కడ మెరుపు తెగింది. కింది గుర్తుకు పైనే, సగానికి కాస్త తక్కువగా ఉంది.

"ఇప్పుడేం పోయక్కర్లేదు. ఈసారి వచ్చినప్పుడు చూద్దాం. మీటరు రాసుకోండి" అన్నారు. చూసినందుకు డబ్బులు తీసుకోలేదు.

చాలా కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య తేడా సుమారు లీటరు. ఆ గుర్తులు కొన్నిటికి గీతలు, కొన్నిటికి రంధ్రాలు, కొన్నిటికి ఎఫ్ (ఫుల్), ఎల్ (లో) అక్షరాలు. సగంలో ఉంటే బండి నిశ్చింతగా తిరుగుతుంది. పై గీతదాకా నింపి తీరాలని లేదు, దాన్ని దాటితే మాత్రం నష్టం. ఇంజన్ కింది భాగంలో ఉండే క్రాంక్‌షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి బేరింగులను కాపాడదు. సీళ్ల దగ్గర కారడం కూడా మొదలవుతుంది. వేరేచోట ఎక్కువ పోయించుకొచ్చిన ఒక ట్యాక్సీకి ఆయన కింద డ్రెయిన్ బోల్టు వదులు చేసి, కొద్దికొద్దిగా తీసి, ప్రతిసారీ ఆగి చూసి సరిచేయడం నేను చూశాను. పోయాల్సి వచ్చినా అంతే. పావు లీటరు లోపే పోసి, కాసేపు ఆగి, మళ్లీ స్టిక్ లాగుతారు.

అన్నిటికన్నా నాకు నమ్మకం కలిగించింది ఇంకో సంగతి. ఒకాయన బీఎస్ సిక్స్ డీజిల్ కారు తెచ్చారు. ఏమీ పోయకుండానే ఆయిల్ పై గీత దాటింది. ఎక్కువే ఉంది కదా, మంచిదేగా అని ఆయన ధీమా. మేస్త్రి గారు స్టిక్ కొనను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "ఊళ్లోనే తిప్పుతారా బండిని?" అని అడిగారు. అవునన్నారాయన. ఈ కార్లలో పొగలోని మసి పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది. అది తనంతట తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు కొన్ని ఇంజన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. రోజూ దగ్గర దూరాలే తిప్పుతూ ఆ పని సగంలో ఆగిపోతుంటే ఆ డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. మట్టం పెరుగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది. "దీనికి స్కానర్ కావాలి, నా దగ్గర లేదు. కంపెనీ సర్వీసుకి తీసుకెళ్లండి, ఆలస్యం చేయొద్దు" అని పంపించేశారు. తనకు చేతకానిదాన్ని చేస్తానని డబ్బు గుంజలేదు.

డీజిల్ కారులో ఇంజన్ ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడితే కంగారు పడొద్దంటారు. పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే మాత్రం ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కలిసిందేమో చూడాలంటారు, హెడ్ గాస్కెట్ పోయినప్పుడు అలా అవుతుంది. డ్యాష్‌బోర్డ్ మీద వెలిగే ఎర్రటి నూనె డబ్బా గుర్తు గురించి అడిగితే ఆయన గొంతు మారింది. మామూలుగా అది ఆయిల్ ఎంతుందో చెప్పే లైటు కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. నడుస్తుండగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. ఆ లైటు వెలిగేదాకా స్టిక్ చూడకుండా తిరిగేవాళ్ల మీద ఆయనకు నిజంగా బాధ. నాకూ ఇప్పుడు అలాగే ఉంది.

ఇబ్బందులు లేవని కాదు. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలే, ఎండాకాలంలో రేకుల కింద ఉడికిపోతాం. కంప్యూటర్ బిల్లు ఉండదు, చీటీ మీద రాసిస్తారు. వారంటీలో ఉన్న కార్లకు సర్వీసు రికార్డు కావాలి కాబట్టి వాళ్లకు ఇది సరిపోదు. ఫోన్ సరిగ్గా ఎత్తరు, ఆదివారం సెలవు. సాయంత్రం ట్యాక్సీలు వచ్చి చదును నేల ఖాళీ ఉండదు, ఉదయమే వెళ్లడం మేలు.

ఆయిల్ ఆయన అమ్మరు. ఏ గ్రేడో చెబుతారు, సీలున్న డబ్బా మనమే కొనుక్కెళ్లాలి. మిగిలింది మూత బిగించి మన డిక్కీలోనే పెట్టిస్తారు. వెళ్లేటప్పుడు కారు పుస్తకం తీసుకెళ్లండి, ఆయన ముందు అదే అడుగుతారు.